సంఘానికి ఐ.పి. చెల్లదు

అచ్చాయమ్మకి అన్యాయం జరిగింది పోయిన నెల నాలుగో తారీఖు, శుక్రవారం నాడు. రెండేళ్లు ఒక్కసారీ పాట పాడకుండా ఆఖరి చీటీ కోసం కూర్చున్న మనిషి. తీరా ఎత్తే రోజున డబ్బుకి బదులు కాగితం పెట్టావు చేతిలో. కాదంటావా, వెంకట్రావూ? కూర్చో. అల్ ఐన్ బస్సు నువ్వు లేకుండా కదిలితే నష్టమేం లేదు.

ఏవిటా కాగితం? కాకినాడ ప్లీడరు రాసిచ్చాడట. గోదావరి మహిళా పొదుపు సంఘం దివాలా తీసింది కనుక ఐ.పి. పెడుతున్నామని.

ఇళ్లలో అంట్లు తోముకునే ఇరవై నలుగురం, నెలకి తలా వంద దిర్హాలు. దానికో పేరు, ఓ రబ్బరు స్టాంపు. ఆడవాళ్ల సంఘానికి మీసాల అధ్యక్షుడేవిటని అప్పుడే అడగాల్సింది.

డ్రైవరు ఖాజా బొంబాయి వెళ్తుంటే దివాలా చట్టం పుస్తకం తెమ్మన్నాను. చీరో గాజులో అడుగుతాననుకున్నాడు పాపం. నిఘంటువు పక్కన పెట్టుకుని ఎనిమిదో సెక్షన్ మూడుసార్లు చదివాను. రిజిస్టరైన సంఘం మీద ఐ.పి. చెల్లదు. మనది రిజిస్టరవలేదంటావా? మరీ మంచిది. అప్పుడు సంఘమే లేదు, బాకీపడ్డ మనుషులే ఉన్నారు. పుట్టనిదానికి చావుకబురు రాయించావు. ప్లీడరుకి ఫీజెంతిచ్చావేం?

డబ్బు మీ తోడల్లుడి కెఫెటీరియాలో పోశావు, అది మూతపడింది. ఖలాస్ అంటున్నావు. అచ్చాయమ్మని పనిలో పెట్టుకున్న కఫీల్ ఆమె వీసా రద్దు చేశాడు, సోమవారం విమానం. ఒట్టి చేతులతో దిగితే అప్పిచ్చిన ఏజెంటు గుమ్మం వదలడు.

ఏవిటి, రిజిస్టరు నా వైపు తిప్పుతున్నావు?

ఆ... అది నా సంతకమే. కార్యదర్శి, పాపాయమ్మ.

చదువుకున్నదాన్నని మీరంతా అంటే మురిసిపోయి ఒప్పుకున్నాను. మీ తోడల్లుడికి ఇచ్చేనాడు ఇదే రిజిస్టరు తెచ్చి, "యల్లా అక్కా, నా మీద నమ్మకం లేదా" అన్నావు. మసాలా పొట్లం కట్టిన పేపరు కూడా విప్పి చదివేదాన్ని. అదొక్కటీ చదవకుండా సంతకం పెట్టాను.

నవ్వుకో. నా పుస్తకం ప్రకారం బాకీపడ్డ మనుషులం ఇద్దరం.

నీ వంతు ఆదివారంలోగా తేకపోతే నీ కంపెనీ నడిపే ముదీర్ ముందు ఇదే పుస్తకం విప్పుతాను. నా వంతు ఇదిగో, మూడు నెలల జీతం. లెక్కపెట్టి, రిజిస్టరులో రాయి:

పాపాయమ్మ ద్వారా అచ్చాయమ్మకి, పన్నెండువందల దిర్హాలు. 11 మార్చి 1983, శుక్రవారం.