తాడు కట్టి లాగిన కారు

అన్యాయం జరిగింది మద్దమ్మకు. ఎప్పుడంటే, కరోనా సద్దుమణిగిన మరుసటేడు, కల్లాల్లో మిరపకాయలు ఆరేసుకున్న దినాల్లో. చేసినోడు పరాయోడు కాదు, సొంత అన్న ఎల్లసామి. మద్దమ్మకు ఎడమకాలు చిన్నప్పుడే చచ్చుబడిందనుకో. క్లచ్ తొక్కే కాలే లేదు గదా, అందుకని గేర్లు తనంతట తానే మార్చుకునే పాత కారొకటి కొనుక్కుని, ఊరి రోగులను నల్లమల కనుమ దాటించి నంద్యాల ఆసుపత్రికి చేర్చేదంట. నేలమీద కుంటిది, సీట్లో కూర్చుంటే రాణి. ఆ బండి పోతే మళ్లీ అన్న గడపలో కూర్చుని వదిన విదిలించింది తినాల. అదీ సంగతి.

ఏమైందంటే, ఒకనాడు నిదానంగా పోతావుంటే బండి వణికింది. గుంత లేదు, గతుకు లేదు, నున్నటి రోడ్డు. రాళ్ల దారిమీద పోయినట్టు గడగడా వణికి, ఆక్సిలేటర్ కాస్త ఒత్తితే ఊరుకుంది. అన్నతో చెప్పింది. "నీ కాలే వణికింటాది లేమ్మే," అన్నాడంట. చెల్లెలితో అనే మాటేనా అది? ఆయప్పకు ట్రాక్టరుండాది, అందుకని ఊళ్లో చక్రమున్న ప్రతిదానికీ ఆయప్పే వైద్యుడు. మద్దమ్మ ఊరుకోలా. నంద్యాలలో మాబు అనే మెకానిక్కు చూపించింది. మాబు గేరుబాక్సులో నూనె కొలిచే పుల్ల బయటికి తీసి, వాసన చూసి మొహం చిట్లించి, అక్కా, గేరుబాక్సు నూనె మాడిపోయింది, ఎర్రగా ఉండాల్సింది డికాషన్ అయింది, పుట్టినకాణ్ణుంచి ఎవురూ మార్చినట్టు లేదు అన్నాడు. "దీని నూనె దీనికే పోయాల. కర్నూలు నుంచి తెప్పిస్తా, సోమారం రా. వణుకు పోవచ్చు. అంతవరకు ఇంకోటి చుక్క కూడా పోయొద్దు."

ఈ మాట ఇంటికొచ్చి చెప్పడమే ఆమె పాపమైపోయింది. "నా చెల్లెలి బండికి నంద్యాలోడు మందు చెప్పేదేంది?" అని ఎల్లసామికి రోషం. శుక్కురారం పొద్దున ఆమె నీళ్లు పోసుకుంటావుంటే, ట్రాక్టరు స్టీరింగులో పోసే నూనె తెచ్చి ఆ గేరుబాక్సులో పోసేసినాడు. ఎరుపు ఎరుపే గదా అంట! కారప్పొడీ ఎరుపే, కుంకమా ఎరుపే, నుదుటికి కారం పెట్టుకుంటామా? ఆమెకు ఒక్క ముక్క చెప్పలా.

ఆ పూట కిడ్నీలు చెడిపోయిన పుల్లమ్మత్తకు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించాల, మానుకునేది కాదు. మద్దమ్మ ఎక్కించుకుని బయల్దేరింది. కనుమ ఎక్కేసరికి వణుకు పట్టింది, మామూలు వణుకు కాదు, పుల్లమ్మత్త పళ్లు టకటకలాడినాయంట. ఇంజను అరుస్తాది, బండి కదలదు. చివరికి ఆగిపోయింది. పుల్లమ్మత్తను ఒక లారీ ఎక్కించి పంపించి, మద్దమ్మ మాబుకు ఫోను చేసింది. చక్రాలు నేలకు తగలకుండా ఎత్తుకొచ్చే బండి పంపిస్తా, తాడు మాత్రం కట్టించొద్దు అన్నాడు. ఊళ్లో ఎవురు చెప్పినారో ఏమో, ఆ బండికన్నా ముందే అన్న ట్రాక్టరు దిగింది, వెనకాల మోకు పట్టుకుని నలుగురు.

"అన్నా, నీ కాళ్లు మొక్కుతా, లాగొద్దు."

"ఊరుకోమ్మే. ఎద్దు పడితే తాడేసి లేపమా? పొద్దున్నే నేను నూనె పోసినా నిలబడలేదు నీ బండి. నోరు మూసుకుని స్టీరింగు పట్టుకో."

అప్పుడు తెలిసింది ఆమెకు. నలుగురూ పట్టి సీట్లో కూర్చోబెట్టినారు. తన బండిని చంపడానికి స్టీరింగు తానే తిప్పింది చూడు, ఊరిదాకా, ఏడుస్తా. కల్లాల్లో జనం లేచి నిలబడి, ఎల్లసామి ఎంత మంచోడు, చెల్లెలి కోసం కనుమదాకా పోయినాడు అనుకున్నారంట!

మాబు వచ్చి విప్పి చూసినాడు. నూనెలో ఇనుప పొట్టు. "ఇంజను ఆగితే లోపల నూనె తిరగదక్కా. చక్రాలు మాత్రం తిరిగితే ఎండు గానుగ తిప్పినట్టే. తప్పుడు నూనె పోసినా కడిగి చూసేవాణ్ణి. లాగినారే, అక్కడ పోయింది," అన్నాడు. ఇంకో గేరుబాక్సు కొనాలంటే బండినే రెండుసార్లు కొన్నట్టు.

ఇప్పుడు ఆమె అన్న వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తావుండాది. ఆయప్ప ఇప్పటికీ టీ కొట్టుకాడ, నేను లాక్కురాకపోతే అడవిలోనే తుప్పు పట్టేది అంటాడు. అడవిలో వదిలేసినా బాగుండేదిరా నాయనా! దయ్యం పడితే వదిలించొచ్చు, మేలు చేసే అన్న పడితే ఎవురు వదిలిస్తారు? మద్దమ్మ సీట్లోంచి ఆఖరుసారి దిగింది రెండువేల ఇరవై రెండు, మార్చి పదకొండు, శుక్కురారం.