సిరాబుడ్డి అక్కయ్యగారి చదువుగది

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం పది గంటలకు, మన నీటి సరఫరా శాఖ ప్రధాన కార్యాలయంలో ఇరవై నాలుగేళ్ల యువతి ఒకరు టైపిస్టుగా ఉద్యోగంలో చేరారు. హాజరుపట్టీలో సంతకానికి గుమాస్తా అందించిన బాల్‌పెన్నును మర్యాదగా తిరిగి ఇచ్చివేసి, చేతిసంచిలోంచి తన తండ్రిగారి సిరాకలం తీసి, తీరికగా మూత విప్పి సంతకం చేశారట. వెనుక వరుసలో నిలబడినవారు విసుక్కున్నారు. మధ్యాహ్నానికల్లా ఆమెకు ‘సిరాబుడ్డి’ అన్న పేరు స్థిరపడింది. వెక్కిరింతగా పెట్టిన ఆ పేరును ఆమె బిరుదుగా స్వీకరించారు. కాలక్రమాన ‘అక్కయ్య’ అన్నమాట దానికి గౌరవంగా వచ్చి చేరింది.

రెండేళ్లు తిరిగేసరికి, ఎవరూ కోరుకోని గ్రంథాలయ బాధ్యతను వారు తమంతట తాముగా కోరుకున్నారు. అప్పటికది విరిగిన కుర్చీలూ, చివికిన పటాల చుట్టలూ పడవేసే గది. వాటి మధ్య నాలుగు వేల పుస్తకాలు దిక్కులేక ఉండేవి. నాటి విభాగాధికారి ఆమెను వారించారు.

“అక్కడ బూజు తప్ప ప్రమోషను ఉండదమ్మా.”

“బూజు దులుపుకుంటాను సార్. ప్రమోషను సంగతి అది వచ్చినప్పుడు చూద్దాం.”

అది తరువాతి కాలంలో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వారు వద్దని లిఖితపూర్వకంగా తెలియజేశారు. ఆ లేఖలు నేను చూశాను. ఒక్కొక్కటి రెండే వాక్యాలు, ఎక్కడా క్షమాపణ లేదు.

ఆ గదిని వారు తీర్చిదిద్దిన తీరు మనందరికీ ప్రత్యక్షానుభవమే. పాత సామాన్ల అంగడిలో ఏరి తెచ్చిన ఇత్తడి బల్లదీపం, వారానికొకసారి తాళంచెవి తిప్పవలసిన గోడగడియారం, కూర్చుంటే కిర్రుమనే పేముకుర్చీ, ఫ్లాస్కులో రెండు కప్పుల టీ. వృత్తిరీత్యా దర్జీ అయిన వారి భర్తగారు, మిగిలిన గుడ్డముక్కలతో శిథిల గ్రంథాలకు తొడుగులు కుట్టి ఇచ్చేవారు. అందువల్ల మన జలయంత్ర శాస్త్ర గ్రంథాలు నేటికీ పూలపూల చొక్కాలు తొడుక్కుని ఉంటాయి. ఇదంతా చూసి ‘పాతకాలపు మనిషి’ అని పెదవి విరిచినవారు మనలో చాలామందే ఉన్నారు. కంప్యూటరు వచ్చిన ఏడాది, మనం శిక్షణకు డుమ్మాలు కొడుతుండగా, పుస్తకాల జాబితా మొత్తాన్ని అందులోకి ఎక్కించిన మొదటి వ్యక్తి వారే. తెలియక పాతవాటిని పట్టుకుని వేలాడినవారు కారు. తెలిసి, ఇష్టపడి, ఉంచుకున్నవారు. ఆ ఇష్టానికి ఎవరి అనుమతీ అక్కరలేదని ఈ సందర్భంగా సవినయంగా, కానీ గట్టిగానే మనవి చేస్తున్నాను.

వారు ఉద్యోగంలో చేరిన పదవ ఏట జరిగిన ఒక ముచ్చట చెప్పక తప్పదు. వర్షం కురుస్తున్న ఒక మధ్యాహ్నం, ప్రధాన ఇంజనీరుగారు ముందు చెప్పకుండా తనిఖీకి వచ్చారు. అక్కయ్యగారు దీపం వెలిగించుకుని నవల చదువుతున్నారు. తల ఎత్తకుండానే, “కూర్చోండి, పేజీన్నర ఉంది” అన్నారు. వెంట వచ్చిన అటెండరు గబగబా ఒక కుర్చీ తుడిచారు. ఇంజనీరుగారు కూర్చున్నారు. పేజీన్నరా ముగిసింది.

“నేనెవరో తెలుసా అమ్మా?”

“ఇప్పుడు తెలిసింది సార్. భోజన విరామం ఇంకా నాలుగు నిమిషాలుందని మాత్రం ముందే తెలుసు.”

ఆయన నవల వైపు చూసి, “ఇంతకీ చివరికి ఏమైంది?” అని అడిగారు.

“చెప్తే మీరు చదవరు. సంతకం పెట్టి తీసుకెళ్లండి.”

తనిఖీకి వచ్చినవారు నవల చంకన పెట్టుకుని వెళ్లారు.

అయితే వారి ఉద్యోగ జీవితంలో అతి కఠినమైన పరీక్ష ఇరవై తొమ్మిదవ ఏట ఎదురైంది. ఆ గదిని సమావేశ మందిరంగా మార్చాలనీ, ఐదేళ్లుగా ఎవరూ తీసుకోని గ్రంథాలను అరవై రోజుల తరువాత చిత్తుకాగితాల కింద తొలగించాలనీ ఉత్తర్వు వెలువడింది. ఆ ఉత్తర్వుకు చిత్తుప్రతి రాసినది, పరిపాలనా విభాగ సూపరింటెండెంటునైన నేనే. ఈ మాట దాచి ఈ వ్యాసం రాయడానికి నాకు మనసొప్పలేదు. లెక్క తీస్తే రెండు వేల ఎనిమిది వందల పైచిలుకు గ్రంథాలు వేటుకు సిద్ధంగా ఉన్నాయి. సిగ్గుపడి, ఆ సాయంత్రమే వారి దగ్గరకు వెళ్లాను.

“అక్కయ్యగారూ, ఎవరో తీసుకున్నట్టు పుస్తకాల్లో పాత తారీఖులు ముద్ర కొట్టేద్దాం. ఎవరు చూడొచ్చారు?”

“మీరు నోటు రాశారు, అది మీ ఉద్యోగం. దొంగ ముద్ర కొట్టడం నా ఉద్యోగం కాదు. అరవై రోజులిచ్చారుగా? చదివిస్తాను.”

మరునాటి నుండి వారు గుడ్డసంచి భుజాన వేసుకుని పంపుహౌసులకు, వడపోత కేంద్రాలకు, మీటర్ల మరమ్మతు షెడ్డుకు కాలినడకన తిరిగారు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, వారికేమిష్టమో అడిగి, సంచిలోంచి తీసి ఇచ్చారు. నచ్చకపోతే మరునాడు మరొకటి. నాకు గడియారాల తయారీపై ఒక గ్రంథం ఇచ్చి, “మీకు నిదానం నేర్పుతుంది” అన్నారు. అంతవరకు పుస్తకం ముట్టని పంపు ఆపరేటరు ఒకరు, ఒకనాడు పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

“అక్కయ్యా, దీని రెండో భాగం ఉందా? రోజూ నేను చదువుతుంటే మా ఆవిడ వింటోంది. అది లేకుండా ఇంటికి రావద్దంది!”

అరవయ్యవ రోజున రెండు వందల పన్నెండు పుస్తకాలు మిగిలాయి. వాటిని మీ పేరనే రాసుకోండని అందరం బతిమాలాం. “చదవకుండా సంతకం పెట్టను” అన్నారు. ఆ పుస్తకాలు వెళ్లిపోయాయి. వాటిని లారీకి ఎక్కిస్తున్నంతసేపూ వారు గుమ్మం దగ్గరే నిలబడి, ఒక్కొక్కదాని పేరు పైకి చదివారు. మోసే కూలీలు సైతం నడక నెమ్మదించారు. గదిలో సగం సమావేశాలకు పోయింది. తక్కిన సగంలో దీపం, పేముకుర్చీ, మూడు వేల ఏడు వందల పైచిలుకు గ్రంథాలు, వాటి కోసం వచ్చే జనం మిగిలారు. ఇది ఓటమి అని ఎవరైనా అంటే, మీటర్ల షెడ్డుకు వెళ్లి ఆ మాట అనమనండి.

ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. వారితోపాటే గ్రంథపాలక పదవిని రద్దు చేయాలన్న ప్రతిపాదన గతవారం నా బల్లమీదకు వచ్చింది. ముప్ఫై ఏళ్ల నా ఉద్యోగంలో మొదటిసారి, రాయమన్న నోటు రాయలేదు. పదవిని కొనసాగించి తీరవలసిన కారణాలను నాలుగు పేజీలలో రాసి, సంతకం చేసి పంపాను. నా సంతకం కింద మూడు వందల నలభై మంది సిబ్బంది సంతకాలున్నాయి. మొదటిది పంపు ఆపరేటరుది. మన శాఖ పత్రికను పై అధికారులు కూడా చదువుతారని తెలిసే ఈ సంగతి ఇక్కడ ప్రకటిస్తున్నాను.

వారి కుమార్తెను, ఇకపై అమ్మగారు ఇంట్లో ఏం చేస్తారని అడిగితే, “ఏం చేస్తుందండీ? నాన్న కుర్చీ ఆక్రమించేస్తుంది. ఆయన అప్పుడే ఇంకో కుర్చీ కొన్నారు” అన్నారు. ఆ రెండు కుర్చీలూ పక్కపక్కనే ఉండాలనీ, వారి చూపు చెదరకుండా, చేయి వణకకుండా, టీ చల్లారేదాకా చదువు సాగాలనీ, వారిని ఎవరూ ఎప్పుడూ తొందరపెట్టకూడదనీ మా ఆకాంక్ష. చదవవలసినవి ఇంకా మిగిలి ఉన్నాయని చెప్పి, నూరేళ్ల మీద మరికొన్నేళ్లు దబాయించి తీసుకోగల ఆరోగ్యం వారికి కలుగుగాక.