బిక్షమ్మ మనుమడు

పాలమూరులో ఉద్యోగుల కాలనీ పార్కు. మొదటి వాన వెలిసిన సాయంత్రం. సిమెంటు బెంచీ మీద కాలనీ సెక్రటరీ ఇస్రాయేలు. కింద తడి గడ్డి మీద, పార్కుకు నీళ్లు పట్టే ముసలి చోటే మియా. ఇద్దరి నడుమ మూతి విప్పని చెదల మందు సంచి.

"నా ఒంట్ల పారేది నెత్తురు గాదు సారూ, గీ చెదల మందే! లారీ నడిపిన దినాలల్ల గా మందు బస్తాల మీదనే పండిన. బస్తానే పరుపు, బస్తానే మెత్త. ఒక్క తుమ్ము రాలే. నన్ను కుట్టిన దోమ కుట్టిన కాడ్నే సచ్చి రాలేది."

"గంత మొనగానివైతె లేసి సంచి ఇప్పు మరి. పొద్దుగూకక ముందే చల్లాలె."

"ఇప్పుత. జర బీడీ ముట్టించుకోనియ్యిండ్రి."

"పొద్దటి సంది బీడీలే ముట్టిస్తున్నవ్ మియా."

"తడిసినయ్, అంటుకుంటలేవు. వానను నేను రమ్మన్ననా?"

"చూడు, నాకు ఓపిక లేదు. పొద్దున నల్లా నీళ్ల పంచాది, పగటాల కుక్కల పంచాది, గిప్పుడు నీతోని. రేపు మున్సిపాలిటోళ్లు పార్కు చూడనీకె వస్తున్నరు. ఎవల పార్కు మంచిగుంటె వాళ్లకు షీల్డు. గా మూలకు చూడు, గోడ దిక్కు. గడ్డి మీద ఎట్ల మన్ను పూసినయో చెదలు!"

"చూసిన. మంచిగ అలికినట్టు పూసినయ్. మా ఇంట్ల గుడ గంత నున్నగ అలకరు."

"తమాషా బంద్ చెయ్యి. రాత్రి నిద్ర లేదు నాకు."

"ఎందుకు సారూ?"

"నిన్న గ్రేసు వచ్చింది. సెలవులు గద."

"మనుమరాలు వస్తె సంబురపడాలె గని, నిద్ర పోకుంటెట్ల?"

"నిరుటి సంది గంతే. పిల్ల జర దగ్గినా లేసి కూసుంట. నిరుడు మొదటి వాన నాడు మంచిగ ఆడుకున్న పిల్ల, తెల్లారేసరికి ఫిట్సు. పట్నం దవాఖానకు ఎత్తుకొని ఉరికితిమి. ఒకాయన జరమన్నడు, ఒకాయన మెదడన్నడు. ఎందుకొచ్చిందో ఎవ్వలు చెప్పలే. బతికింది, గంతే. మా బిడ్డ ఇయ్యాల్టికి నన్నే అంటది, నీ ఇంట్లనే అయింది బాపూ అని."

"చెదలంటె ఒకటి యాదికొచ్చింది సారూ. ఒకసారి కొత్తకోట కాడ లారీ నిలిపి చాయ తాగనీకె పోయిన. సాసర్ల పోసుకొని, ఊదుకొని తాగి, మళ్లొచ్చి చూస్తె లారీ లేదు!"

"దొంగలా?"

"చెదలు! కట్టె బాడీ అంత మేసినయ్. ఒక్క హారన్ మిగిలింది. తినబోయినప్పుడల్ల పోంయ్ మంటాంటె వాటికి భయమైంది."

"ఇంజను? ఇనుము గుడ తిన్నయా?"

"ఇనుమెట్ల తింటయ్ సారూ? కట్టె పోయినంక నేనొక్కదాన్ని ఎందుకని అదే లేసి పోయింది."

"నవ్వొస్తలేదు మియా."

"ఎరుకే. మీరు నవ్వక ఏడాదయింది."

"సంచి ఇప్పు."

"పొద్దుగూకనియ్యిండ్రి. రేపు పొద్దుగాల చల్లుత."

"రేపు పొద్దుగాలకే వాళ్లొస్తున్నరని చెప్పలే? ఇయ్యాల పొద్దుగూకితె ఏమైతది నీకు?"

"ఉసిళ్లు లేస్తయ్."

"ఏంది?"

"ఉసిళ్లు. రెక్కల చెదలు. ఎర్కలేనట్టు అడుగుతున్నరు. మొదటి వాన పడ్డదా, దీపం పెట్టంగనే గా గోడ మూలకెళ్లి బుస్సుమని లేస్తయ్. గోడవతలి గుడిసెలోళ్లు తట్టలల్ల నీళ్లు పోసుకొని కూసున్నరు. స్తంభం దీపం కింద పెడ్తరు. రాలినయ్ ఏరి, రెక్కలు చెరిగి, పెంక మీద ఏంచి, పేలాలు కలుపుకొని తింటరు. గిప్పుడు గీ మందు చల్లినమనుకో, అది చెదలతోని వాళ్ల కడుపులకే పోతది."

"గీ కాలంల గుడ ఉసిళ్లు తింటరా ఎవరన్న?"

"మీరెన్నడు తినలేదా సారూ?"

"నేనా? ఛీ."

"మంచిగుంటయట. ఉప్పు కారం బాగ దట్టించి..."

"కారమెయ్యరు. ఉత్త ఉప్పే. కారమేస్తె గా నూనె కమ్మదనం పోతది."

"అరె! తినలేదంటిరి? చెప్పుండ్రి చెప్పుండ్రి, ఇంకేమెయ్యరు?"

"మా అవ్వ ఏంచేది. ఊరవతల మా ఇల్లు. కూలికి పోని నాడు పొయ్యి రాజకపోయేది. గని మొదటి వాన నాడు మాత్రం కడుపు నిండేది మియా. గది అప్పటి ముచ్చట. గిప్పుడు మా ఇంట్ల ఎవ్వలు ముట్టరు. గీ కాలనీల ఇంతమంది నడుమ ఇస్రాయేలు ఉసిళ్లు తింటడంటె ఎట్లుంటది? గ్రేసుకైతె ఉసిలె అంటె ఏందో గుడ తెల్వది."

"తెల్వదా?"

"తెల్వది."

"ఊఁ. మంచిదే."

"గుడిసెలోళ్లకు ఇయ్యాల ఏరుకోవద్దని చెప్పు. ఐపోతది."

"నేను జెప్తె ఇంటరా? నా మాట ఎవడు నమ్మిండు సారూ గీ పాలమూర్ల? మందు చల్లినం, తినకుండ్రి అంటె, ముసలోడు ఉసిళ్లన్ని తనకే దాసుకుంటున్నడంటరు."

"మరి చెదలు ఎట్ల పోవాలె?"

"యాపగింజలు దంచి, రాత్రంత నానబెట్టి, గా నీళ్లు బొర్రలల్ల పోద్దం. గడ్డిల కానుగ పిండి చల్దం. గుడిసెల సుక్కమ్మ కోళ్లను పొద్దుగాల్ల జరసేపు ఇడుద్దం. ఒక్కొక్క పురుగును పేరు పెట్టి పిలిచి తింటయ్ అవి."

"పార్కుల కోళ్లు! మున్సిపాలిటోళ్లు షీల్డిస్తరా, గుడ్డిస్తరా?"

"గుడ్డే మేలు. షీల్డు అట్టు పోసుకోనీకె రాదు."

"యాప నీళ్లకు తెల్లారేసరికి పోతయా చెదలు?"

"పోవు. మెల్లగ పోతయ్. మళ్ల మళ్ల పొయ్యాలె. నేను అబద్ధం చెప్ప."

"చెప్తవ్."

"చెప్త. గని గిది చెప్పలే."

"మెల్లగ అంటె షీల్డు పోయినట్టే. నువ్వు చల్లకుంటె నేనే చల్లుత. ఇటియ్యి. ఏందంట, ఒంట్ల మందే పారుతదట! గంత పారెటోడు సంచి ముట్టనీకె భయపడ్తున్నడు."

"బస్తాలల్ల ఉప్పుండె సారూ."

"ఏ బస్తాలల్ల?"

"నేను పండిన లారీ బస్తాలల్ల. మందు గాదు. రాళ్ల ఉప్పు."

"మరి దోమలు సచ్చిపోయినయంటివి?"

"యాడ సచ్చినయ్! బాగనే కుట్టినయ్. ఉప్పుప్పగున్నడు ముసలోడని చుట్టాలను గుడ తోల్కొచ్చినయ్."

"నీతోని మాట్లాడుడు నాది బుద్ధితక్కువ."

"కూసోండ్రి. మీ కాళ్లు మొక్కుత, కూసోండ్రి. నా కోతలు నేనే కోసేసుకున్న గద. గిప్పుడు చెప్పేది మాత్రం నిమ్మళంగ ఇనుండ్రి. నిరుడు గుడ మొదటి వాన నాడే మీరు మందు చల్లుమంటిరి. యాదికున్నదా?"

"ఉన్నది. తూర్పు మూలకు."

"నేనే చల్లిన. ఆడ ఇయ్యాల్టికి గడ్డి మొలుస్తలేదు, ఉసిలె యాడికెల్లి లేస్తది? గని నిరుడు గా సాయంత్రం లేసినయ్. మందు ఒంటికి పూసుకొనే లేసినయ్. గుడిసెలల్ల బిక్షమ్మ ఏరింది, ఏంచింది. పోరగాండ్లంత పొయ్యి చుట్టు కూసున్నరు. వాళ్లల్ల ఒక పోరడు ఎన్నడు రుచి చూడలేదట. పిడికెడు తిన్నడు, మళ్ల పిడికెడు పెట్టుమన్నడు. తెల్లారేసరికి దవాఖాన పాలయిండు."

"ఎవల పోరడు?"

"గీ బీడీ ఇంక అంటుకుంటలేదు సారూ."

"మియా, ఎవల పోరడు?"

"బిక్షమ్మ మనుమడు."

"ఊడ్చే బిక్షమ్మనా? నాకు ఎవ్వలు చెప్పలే!"

"ఎవ్వలు అడగలే."

"గిది గుడ లారీ ముచ్చటేనా?"

"అదిగో, ఆమెనే వస్తాంది. అడుగుండ్రి."

కాలనీ ఊడ్చే బిక్షమ్మ, చంకలో సత్తు తట్టతో గోడ సందులోంచి వచ్చింది.

"తాతా, దీపమెప్పుడు పెడ్తరే? పిల్లలు ఆగుతలేరు... అయ్యో, సారున్నరా. దండాలు సారూ."

"ఇటు రా బిక్షమ్మా. నిరుడు ఉసిళ్లు తిని నీ మనుమడు దవాఖాన్ల పడ్డడట?"

"మనుమడా?"

"గదే బిక్షమ్మా. నిరుడు. నీ మనుమడు. నువ్వు ఏంచి పెట్టినవ్ సూడు, వాడు. సారుకు చెప్పిన నేను."

"ఏం చెప్పినవ్ తాతా?"

"నీ మనుమడని చెప్పిన."

"...ఆఁ. పడ్డడు సారూ."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పుదు సారూ? ఏ మొకం పెట్టుకొని చెప్పుదు? నా చేతుల్తోనే పోసిన. అవ్వా ఇంకింత అంటె ఇంకింత పోసిన. మంచిగ తింటుంటె ముచ్చటయింది. మందు చల్లిండ్రని నాకెట్ల ఎర్క? పొద్దుగాల దవాఖానకు తీస్కపోయిండ్రంటె, పొయ్యిల నీళ్లు పోసిన. గా దినం సంది ఊడ్చుకుంట గూడ ఏడుస్తనే ఉన్న."

"ఊకో. ఏడ్వకు. మందు చల్లుమన్నది నేను. పెట్టినదానివి నీదేం తప్పు?"

"గట్లనకుండ్రి సారూ. మీరు గట్లంటె నాకు..."

"గిప్పుడెట్లున్నడు?"

"బాగున్నడు సారూ. నిన్ననే చూసిన. జర బక్కగయిండు. గని ఎగురుకుంట, దుంకుకుంట..."

"నిన్ననా? నీ కాడ ఉండడా?"

"తల్లి కాడ ఉంటడు సారూ. సెలవులకొస్తడు."

"బిక్షమ్మా, నువ్వు పోయి తట్ట పెట్టుకో. సారుతోని నేను మాట్లాడ్త. పో."

"మందు చల్లుతరా సారూ ఇయ్యాల? చల్లితె చెప్పుండ్రి, పిల్లల్ని ఇండ్లల్ల పెట్టి గొళ్లాలు పెట్టుకుంటం."

"చల్లం. పో, పెట్టుకో."

"నీ కడుపు సల్లగుండ!"

బిక్షమ్మ స్తంభం వైపు వెళ్లింది.

"షీల్డు పోయినట్టే మియా."

"పోనియ్యిండ్రి. నిరుటి షీల్డు మీద గుడ బల్లి గుడ్లు పెట్టింది. చూసిన నేను."

"అబద్ధం."

"బల్లి నిజం. గుడ్లు పెడ్తదని నా ఆశ."

"సంచి ఇప్పలే గద, దుకాణంల వాపసిచ్చి రా. యాపగింజలు ఎవరి కాడ దొరుకుతయో చూడు. కోళ్లు మాత్రం... సరె, మున్సిపాలిటోళ్లు పోయినంక ఇడువు."

"హుకుం."

"ఒక పిలగాడు సావు దాక పోయొచ్చిండు. ఏడాది దినాలు. నా ఇంటి ముంగట రోజు ఊడుస్తది ఆమె. మాట రాలే. నా పిల్లకు ఫిట్సొస్తె కాలనీ అంత వచ్చి అడిగి పోయిండ్రు. గా పిలగాన్ని ఎవ్వలం అడగలే."

"అలసిపోయిండ్రు సారూ. ఇంటికి పోండ్రి."

"పోత. దీపం పెట్టనియ్యి, ఒక్కసారి చూసి పోత. చిన్నప్పుడు చూసిందే."

"ఎలిగింది చూడుండ్రి. అగో, లేస్తున్నయ్! గా పొగ లెక్క పైకి పోయేది గవే!"

"మా అవ్వ కొంగు పరిచేది మియా. కొంగు నిండ గలగల... రేపు గా పిలగాన్ని మా ఇంటికి తోల్కరా. బువ్వ పెట్టి పంపుత. గ్రేసు ఈడోడేనా?"

"గ్రేసు ఈడే."

"ఐతె ఇద్దరు కలిసి ఆడుకుంటరు. ఏం పేరు వానిది?"

"మీ ఇంటి గేటు చప్పుడయింది సారూ."

"ఎవరది? గ్రేసు గదా! గా చేతిల ఏంది, గిన్నె? ఎటు ఉరుకుతున్నవే, చీకటి పడుతాంది! మియా, పిల్ల సక్కగ బిక్షమ్మ దిక్కే పోతాంది. గీమెకు బిక్షమ్మ ఎట్ల ఎర్క? చూడు చూడు, తట్ట కాడ కూసున్నది, రెక్కలు గుడ తీస్తాంది! ఎవరు నేర్పిండ్రు దీనికి? మియా, నిన్నొకటి అడిగిన. పిలగాని పేరేంది?"

"నా ప్రతి ముచ్చట్ల ఒకటి కల్పించింది ఉంటదని మీకు ఎర్కే గద సారూ. దీంట్ల గుడ ఒక్కటే కల్పించిన. మిగిలిందంత అయిన ముచ్చటే. బిక్షమ్మకు పిల్లలే కాలే, మనుమడు యాడికెల్లి వస్తడు?"