తర్వాత పెట్టిన కాపలా

మధ్యాహ్నం పిల్లల వార్డులోంచి నర్సు, సెలైన్ పంపుకి ప్రోగ్రాం రాసిన తన తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఒరేయ్, మందు ఎన్ని గంటల్లో ఎక్కాలో నేనింకా కొట్టనేలేదు. నీ మెషిన్ అప్పుడే వేగం చూపిస్తోందేంట్రా?"

"గంటల గడి ఖాళీగా ఉందా? ఎర్రలైటు వెలగాలే."

"వెలగలేదు. పైగా అన్నిటికంటే ఎక్కువ వేగం చూపిస్తోంది."

"స్టార్ట్ నొక్కలేదు కదక్కా?"

"నాకేమన్నా మతిపోయిందా? ముందు సంగతి చెప్పు."

"ఖాళీ అంటే దానికి సున్నా. మందుని సున్నా గంటలతో భాగిస్తే అది ఆగిపోదు, జవాబు ఇన్ఫినిటీ అనుకుని ముందుకెళ్తుంది. అందుకే ఇన్ఫినిటీ వస్తే లైటు వెలిగించమని రాశాను."

"మరి వెలిగించలేదేం?"

"దానికి పై లైన్లో, వేగం హద్దు దాటితే హద్దుకి దించమని కూడా రాశాను. అది ముందే దించేసింది. తీరా లైటు లైను చూసేసరికి అక్కడ మామూలు అంకె ఉంది."

"దొంగకి పెద్దమనిషి బట్టలు తొడిగాక కాపలా పెట్టావన్నమాట."

"తిట్లు తర్వాత తిట్టు. ముందు దాన్ని ఆఫ్ చెయ్. వార్డులో ఇలాంటి పంపులు ఇంకేమైనా ఉన్నాయా?"

"కిటికీ పక్క మంచానికి ఒకటుంది. ఇందాకే కొత్త నర్సు స్టార్ట్ చేసి భోజనానికెళ్లింది."

"గంటలు కొట్టిందా?"



"ఫోన్ పెట్టకు."

ఆమె నడక చప్పుడు తమ్ముడికి వినిపించింది. నాలుగడుగుల్లోనే అది పరుగైంది.