ఔటైనాక వచ్చిన నవ్వు

పట్టుబడి ఔటైనప్పుడు బాధపడాల్సింది పోయి మనసెందుకు తేలికైంది? కబడ్డీ గీత బయట కూర్చుని ఆమె ఆలోచిస్తోంది. మైదానం అవతల లాంగ్‌జంప్‌కు పేర్లు పిలుస్తున్నారు; అందులో ఆమె పేరూ ఉంది. విరామంలో కెప్టెన్ వచ్చి పక్కన కూర్చుంది.

"కావాలనే దొరికిపోయినావు కదా మే?"

"లేదక్కా. కాలు జారింది."

"జారినోళ్ళు నవ్వతా లేస్తారా?"

"నవ్వినానా?"

"అందరం సూసినాం. కూతకు పోయినప్పుడు గూడా నీ కండ్లు ఆ లాంగ్‌జంప్ ఇసక మీదే ఉండాయి."

"ఇది ఫైనలక్కా. నేను పోతే మీరు ఓడిపోతారేమో."

"ఓడితే పుత్తూరు దాకా బస్సులో నీ పక్కనే కూర్చోని తిడతాలే. నువ్వు ఈడుండీ లేనట్టు ఆడితే మాత్రం గెలస్తామా?"

"మళ్ళా టీములోకి రానిస్తారా?"

"నీకు రావాలని ఉంటే గదా."

ఆమె మోకాలి పట్టీలు విప్పి కెప్టెన్ ఒడిలో పెట్టి, ఇసుక గుంట వైపు నడిచింది.