పదహారడుగుల స్థిరాస్తి

ఆదివారం ఉదయం పదకొండు గంటలు దాటింది. అయిదంతస్తుల భవనం అడుగున కార్లు నిలిపే సెల్లారులోకి ఒక దర్జీ, అతని భార్య మెట్లు దిగుతున్నారు.

"ఇంకా కిందికేనా?"

"ఒక్క పది మెట్లు. చూసి దిగు, తడిగా ఉంది."

"ఇల్లు చూపించేవాళ్లెవరైనా మెట్లెక్కిస్తారు. మీరు దింపుతున్నారేమిటండీ? అసలు వెలుతురొస్తుందా ఆ ఇంట్లోకి?"

"లైటుంది."

"లైటు సంగతి కాదు, వెలుతురు. పిల్ల చదువుకోవాలి. కిటికీలెన్ని?"

"కిటికీలు... అంటే..."

"మీరు 'అంటే' అన్నప్పుడల్లా మన కొంప అంటుకుంటుంది. ఎన్నో చెప్పండి."

"ఇదిగో, వచ్చేశాం. నలభై ఒకటి. చదువు."

"ఏం చదవను? గోడ మీద నలభై ఒకటని రాసుంది. నేల మీద తెల్లగీతలున్నాయి. గీతల మధ్య దుమ్ము కొట్టుకుపోయిన కారుంది. ఇల్లేదీ?"

"కారు కాదు. కారు కింద చూడు."

"కారు కింద ఎవరు కాపురముంటారండీ?"

"స్థలం చూడు. ఆ నాలుగు గీతల మధ్య ఉన్నదంతా మనది. ఎనిమిదడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. నేనే టేపు పెట్టి కొలిచాను. ఇంచు తేడా లేదు."

"మనదంటే?"

"కొన్నాం."

"కొన్నామా? దేంతో కొన్నాం?"

"నువ్విచ్చావుగా."

"నేనిచ్చింది కొత్తింటి అడ్వాన్సు కట్టమని. ఉన్న ఇల్లు ఒకటో తారీకుకల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఇంకా తొమ్మిది రోజులుంది. సామాను సగం మూటలు కట్టేశాను. ఇవాళ ఇల్లు చూపిస్తానని చీర మార్చుకోమని మరీ తీసుకొచ్చారు."

"ఇల్లనలేదు. మనదొకటి చూపిస్తానన్నాను."

"చేసేది కుట్టుపని, ఈ గుట్టుపని ఎప్పుడు నేర్చారండీ?"

"ముందు విను. మొన్న ఫంక్షన్ హాల్లో క్లాసు పెట్టారు. కొద్ది డబ్బుతో రియల్ ఎస్టేట్‌లోకి ఎలా దిగాలి అని."

"దిగారుగా. సెల్లారు దాకా."

"ఆ క్లాసు చెప్పిన కోటేసుకున్నాయన ఏమన్నాడంటే, ఇల్లు కొనలేనివాడు గది కొనాలి. గది కొనలేనివాడు..."

"గీతలు కొనాలి."

"పార్కింగు కొనాలి. రంగులెయ్యక్కర్లేదు. పంపులు కారవు. అద్దెకున్నవాడు గోడకి మేకులు కొట్టడు. ఏడిళ్లు మారాం మనం. ఏడింట్లోనూ ఒక్క మేకు కొట్టుకోవడానికి ఎవరినో ఒకరిని అడిగాను. ఒక్క చోటైనా నాదని..."

"ఆ కోటాయన ఎలాంటివాడో కనుక్కున్నారా?"

"కనుక్కోవడమేమిటి, ఆ కోటు కుట్టింది నేనే. మనిషి కొలతలన్నీ నా దగ్గరున్నాయి."

"మీకు కొలతలు, నాకు కలతలు. ఛాతీ ఎంతో తెలిస్తే సరిపోయిందా? లోపల ఏముందో చూడక్కర్లేదా?"

"ఇది మదుపు. నీకర్థం కాదు."

"అయింది. అదుపు తప్పితే మదుపు."

"నువ్వు మాటలు కత్తిరించకు. అది నా పని. పైగా నేను ఖాళీ స్థలం కొనలేదు, అద్దెదారుతో సహా కొన్నాను. ఈ కారుందే, ఇదే మన అద్దెదారు. నెలనెలా అద్దె వస్తుంది. ఆ వచ్చేదాంతో అడ్వాన్సు..."

"తొమ్మిది రోజుల్లోనా?"

"ఒక అయిదారు నెలలది ముందే అడుగుదామని. అందుకే నిన్ను తీసుకొచ్చాను. నువ్వయితే గట్టిగా అడుగుతావు."

"ఎవర్నడగను? కారునా?"

"ఎవరండీ అక్కడ? కారు దగ్గర ఏం చేస్తున్నారు?"

"వాచ్‌మన్ గారా? రండి, రండి. మేము నలభై ఒకటి ఓనర్లం."

"ఓహో, ఆ నంబరు కొన్నది మీరేనా సార్. ఎవరు కొన్నారా అనుకున్నాం మేమంతా. కొంచెం గీత దాటి ఇవతలికి రండి."

"ఎందుకు? నాదేగా."

"మీదే సార్. కానీ అందులో మనుషులు నిలబడకూడదు. బళ్లే నిలబడాలి. బోర్డు మీద రాసుంది."

"చూశారా, మీ స్థలంలో మీకే స్థానం లేదు."

"నువ్వుండవే. వాచ్‌మన్ గారూ, ఈ కారాయన ఏ ఫ్లాటు?"

"ఏ ఫ్లాటూ కాదు సార్. మూడో అంతస్తులో ఉండేవాడు. ఖాళీ చేసి రెండేళ్లయింది. కారొదిలేసి వెళ్లాడు. ఫోను చేస్తే ఎత్తడు."

"మరి అద్దె?"

"దీనికి అద్దాలకే దిక్కు లేదు, అద్దెక్కడిది సార్?"

"అయితే పక్కకి తోసేద్దాం. మీరో చెయ్యి వెయ్యండి, నేనో చెయ్యి వేస్తాను."

"టైర్లు నేలకి అతుక్కుపోయాయి. పైగా పరాయి బండి ముట్టుకుంటే రేపు కేసు పెడతాడేమోనని బిల్డింగు సెక్రటరీ గారు ఎవరినీ దగ్గరికి పోనివ్వరు."

"స్థిరాస్తి అంటే ఇదేనండీ. ఇంత స్థిరంగా ఉన్న కారుని నేనెక్కడా చూడలేదు."

"ఎప్పటికో అప్పటికి కదులుతుందిలే. కదలగానే పక్క వీధి డాక్టరు గారికి ఇద్దాం. ఆయనకి బండి పెట్టుకునే చోటు లేదు."

"బయటివాళ్లకి ఇవ్వకూడదు సార్. ఈ బిల్డింగులో ఉండేవాళ్లకే ఇవ్వాలి. వాళ్లందరికీ ఎవరిది వాళ్లకుంది."

"ఇక అమ్మేయండి. ఏమండీ, మీతోనే. రేపు పొద్దున్నే ఆ కోటాయన దగ్గరికెళ్లి ఎంతొస్తే అంతకి ఇచ్చేయండి."

"అంటే..."

"మళ్లీ అంటించారు."

"మూడేళ్లదాకా అమ్మనని రాయించుకున్నారు. విలువ పెరగడానికి టైమివ్వాలట."

"విలువ పెరిగేలోపు పిల్ల పెరిగిపోతుంది. ఒకటో తారీకు రాత్రి దాన్నెక్కడ పడుకోబెడతారు?"

"చూస్తాను."

"ఏం చూస్తారు?"

"ఏదో ఒకటి చూస్తాను."

"అదే, ఎక్కడ చూస్తారు? ఎవరినడుగుతారు? ఎవరైనా మిగిలారా మనం అడగనివాళ్లు?"

"తెలియదు. నాకేమీ తోచడం లేదు. ఇంచు తేడా లేదు కదా అని నమ్మాను. కొలత సరిపోతే అన్నీ సరిపోతాయనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే కదా బతికాను."

"ఊరుకోండి. ఆయన చూస్తున్నాడు."

"నేనేం చూడలేదమ్మా. నాకు కళ్లు సరిగ్గా ఆనవు. అందుకే నెలాఖరుకి పని మానేసి మా తమ్ముడి దగ్గరికి పోతున్నా."

"మానేస్తున్నావా? అన్నా, నువ్వుండేదెక్కడ?"

"అదిగో, మెట్ల కింద గది."

"కిటికీ ఉందా?"

"ఉందమ్మా. తెరిస్తే గోడ."

"నీళ్లు?"

"పొద్దున రెండు గంటలొస్తాయి."

"అద్దె?"

"వాచ్‌మన్‌కి అద్దేమిటమ్మా. వాళ్లే ఎదురు జీతమిస్తారు. మరీ ఎక్కువేం కాదనుకోండి."

"నీ తర్వాత ఎవరు?"

"ఎవరూ దొరకలేదు. ఒకడు ఇవాళ వస్తానన్నాడు. వాడిని చూడ్డానికే సెక్రటరీ గారు కిందికొస్తున్నారు. వాడు మాత్రం వచ్చేలా లేడు."

"ఏమండీ."

"ఏమిటలా చూస్తావు? నేనా? వాచ్‌మన్‌గానా? నేనిక్కడ ఓనర్ని."

"పగలు గేటు దగ్గర మిషనేసుకుని కుట్టుకోవచ్చు. అన్నా, గదిలో కుట్టుమిషను పడుతుందా?"

"పగటిపూట మంచం నిలబెడితే పడుతుంది. కానీ కుదరదమ్మా."

"ఏం?"

"ఇక్కడ ఆస్తి ఉన్నవాళ్లని, వాళ్లింట్లోవాళ్లని పనిలో పెట్టుకోరు. మునుపు ఒక ప్రెసిడెంటు గారు బావమరిదిని పెట్టారు. ఆయనేమో గేటు తియ్యడు, ఈయనేమో ఆయన్ని తియ్యడు. ఏడాదిపాటు అందరూ హారన్లు కొట్టుకుంటూ బతికారు. అప్పట్నుంచీ ఆ రూలు."

"అంటే, ఈ గీతలు లేకపోతే ఆ గది మాకొచ్చేదా?"

"ఇవాళే వచ్చేదమ్మా."

"విన్నారా? ఏమీ కొనకుండా ఉంటే ఇల్లుండేది మనకి."

"వింటున్నాను."

"కాగితాల్లో మీ పేరేగా ఉంది?"

"అంటే..."

"చెప్పండి. ఇంక అంటుకోవడానికేం మిగల్లేదు."

"నీ పేరు మీద కొన్నాను."

"నా పేరు మీదా?"

"ఆడవాళ్ల పేరైతే ఖర్చు తగ్గుతుందన్నారు. మొన్న నువ్వు సంతకాలు పెట్టిన కాగితాలు పిల్ల స్కూలువి కావు. ఖర్చొక్కటే కాదులే. ఇన్నేళ్లలో నీకంటూ ఏమీ కొనలేదు కదా. నీకంటూ ఒకటి ఉండాలని..."

"అన్నా, సెక్రటరీ గారికి ఈయన తెలుసా?"

"లేదమ్మా. పుస్తకంలో నలభై ఒకటికెదురుగా ఆడపేరొకటుంది. అది మీదే అయ్యుంటుంది. మొగుడి పేరు రాయలేదు."

"అయితే వినండి. ఆ పని మీరు అడగండి. మీరూ పిల్లా ఆ గదిలో ఉండండి. పెళ్లాం లేదని చెప్పండి."

"మరి నువ్వు?"

"మా అక్క దగ్గర సర్దుకుంటాను. వాళ్లున్న ఒక్క గదిలో ఇప్పటికే ఆరుగురున్నారు. ముగ్గురం పట్టం గానీ, ఒక్కదాన్ని పడతాను."

"ఎన్నాళ్లు?"

"మూడేళ్లు. మీరేగా నాతో రాయించారు."

"నేనొప్పుకోను."

"వేరే దారుంటే చెప్పండి. ఇక్కడే నిలబడి వింటాను."

"ఉంటే చెప్పనా?"

"ఉందా?"

"లేదు."

"పిల్లకి రోజూ రాత్రి పాలు కాచివ్వండి. నేనెప్పుడొస్తానని అడిగితే ఆదివారాలొస్తానని చెప్పండి. నా స్థలం నేను చూసుకోవడానికొస్తే ఎవరూ ఆపరు."

"దానికేం చెప్పాలే నేను? అమ్మని అమ్మా అని పిలవొద్దని చెప్పాలా?"

"చెప్పాలి."

"అమ్మా, చెప్పుల చప్పుడు. సెక్రటరీ గారు దిగుతున్నారు."

"కొంచెం దూరం జరగండి. ఇంకా. ఆ స్తంభం దగ్గరికి. ముఖం తుడుచుకోండి. అన్నా, నీకు దండం పెడతాను, నువ్వేమీ వినలేదు."

"కళ్లే అనుకున్నానమ్మా. ఇవాళ్టినుంచి చెవులు కూడా పనిచెయ్యడం లేదు."

"ఏమయ్యా, ఎవరు వీళ్లంతా? మీరెవరమ్మా?"

"నలభై ఒకటి ఓనర్ని సార్. స్థలం చూసుకుని పోదామని వచ్చాను."

"మంచిది, మంచిది. ఆ స్తంభం దగ్గరున్నాయన మీ తాలూకా?"

"కాదు సార్. వాచ్‌మన్ పని కోసం వచ్చినట్టున్నాడు. నేనైతే ఎరగను గానీ, మనిషిని చూస్తే నమ్మొచ్చనిపిస్తోంది."