గోడవతల ఆపవయ్యా

"అంకుల్, పక్కింటి గోడకి ఆ గుండ్రటి నీలం పలకేంటి? పొద్దున ఇద్దరు దాని ముందు ఫొటోలు దిగుతున్నారు."

అదా. మా పైగదిలోకి కొత్తగా వచ్చావుగా, నీకు తెలీదు. కూర్చో అమ్మా, చెప్తాను. పేరున్నవాళ్ళ ఇళ్ళకి కొడతారిక్కడ, కౌన్సిల్ వాళ్ళు నిరుడు పెట్టారు. రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటేగా, మేకులు కొడుతుంటే మా దేవుడి పటం ఊగింది, నాకు ఒక్కమాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో మరి.

పక్కింట్లో కాలిన్ ఉంటాడు చూశావూ, తెల్లగడ్డం, పిల్లినెత్తుకుని తిరుగుతాడు, ఆయన గురించే ఆ పలక. కుర్రతనంలో నలుగురు కలిసి బ్యాండ్ పెట్టారు. న్యూవేవ్ అనేవారు. గిటారు తక్కువ, కీబోర్డు ఎక్కువ, పగలల్లా టుయ్ టుయ్‌మని. మేం మాంచెస్టర్ వచ్చి అప్పటికి రెండేళ్ళు... కాదు, మూడు, మావాడు కడుపులో ఉన్నాడుగా. నాది హాస్పిటల్ ల్యాబ్‌లో పని, రోటాలో, అదే డ్యూటీల పట్టీలో, అన్నీ నైట్లే పడేవి. అది కూడా కావాలనే వేసేవారని నా అనుమానం. సరే, పగలు పడుకోవాలా, ఈ గోల. మీ ఆంటీ, సుభద్ర, అప్పడాల కర్రతో గోడ బాది, "ఆపవయ్యా" అని అరిచేది. ఇంగ్లీషు రాక కాదు. కోపం మాత్రం తెలుగులోనే వచ్చేది.

తరవాత వాళ్ళు పైకొచ్చారు. టీవీలో కనపడ్డారు, రెండు రికార్డులు తెచ్చారు, మూడోదానికి తగువులాడుకుని విడిపోయారు. కాలిన్ ఈ పక్కింటికే, వాళ్ళమ్మ దగ్గరికి తిరిగొచ్చాడు. అయిపోయిందనుకున్నాను. ఎక్కడా? కొత్త బ్యాండ్లన్నీ మేం వీళ్ళని చూసే నేర్చుకున్నాం అనడం మొదలెట్టాయి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి ఇంటి ముందు నిలబడేవారు. దొంగలేమోనని నేను కర్టెన్ సందులోంచి కాపలా. ఒకమ్మాయి చొక్కా మీద పెద్దక్షరాలతో 'అపావయా' అని ఉంది. ఏవిటది తల్లీ అంటే, వాళ్ళ పాటల్లోకెల్లా గొప్ప పాటట, అది సంస్కృత మంత్రమట, మనశ్శాంతికట. ఆ యాసలో నాకేం తట్టలేదు.

సుభద్ర రెండువేల తొమ్మిదిలో పోయింది. పోయాక ఏం గుర్తొచ్చిందంటే, ఆవిడ గొంతు నా దగ్గర లేదు. పెళ్ళి ఫొటోలున్నాయి. మావాడు తీసిన వీడియోల్లో ఎప్పుడూ వంటింట్లోనే, వీపు తప్ప ఏం కనపడదు, మాట వినపడదు.

మూడేళ్ళకి బ్యాండ్ మళ్ళీ కలిసింది. ఓ సాయంత్రం కాలిన్ బిస్కట్ల డబ్బా, పాత క్యాసెట్ ప్లేయరూ పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళు హలో తప్ప మాటలేనివాడు డబ్బాతో వస్తే ఏమనుకోవాలి? ఇల్లు పెంచుకోవడానికి సంతకం కాబోలని తలుపు దగ్గరే కుర్చీ వేశాను.

"ఆ 'అపావయా' పాటలో గొంతు మీ ఆవిడది. గోడకి మైకు ఆనించి రికార్డు చేశాను. అడక్కుండా వాడుకున్నాను, తప్పైపోయింది. ఇంతకీ దానర్థమేంటి?" అన్నాడు.

ఒళ్ళు మండింది. దొంగని నేను కర్టెన్ సందులోంచి వీధిలో వెతికాను, వాడు గోడవతలే ఉన్నాడు. లేచి వెళ్ళిపొమ్మనబోతున్నాను, వాడు క్యాసెట్ నొక్కేశాడు. పాట కాదు, అసలుది, మొత్తం. కర్ర చప్పుడు, తరవాత సుభద్ర. "ఆపవయ్యా. ఆయన పడుకున్నారు. పాపం, రాత్రంతా మేలుకునే ఉన్నారు."

పాపం అంది. నా మొహాన ఎప్పుడూ అనలేదమ్మా. ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

అర్థం చెప్పాను. కాలిన్ కాసేపు నవ్వి, "ఊరూరా జనం చేత ఆపమని పాడించి, మేం ఆపలేదన్నమాట" అన్నాడు. నిజంగా తెలీదా వీడికి? అప్పడాల కర్రతో గోడ బాదుతుంటే అర్థం తెలీనివాడుంటాడా? ఇప్పటికీ నాకు నమ్మకం లేదు. క్యాసెట్ మాత్రం తీసుకున్నాను. నేనది పెట్టినప్పుడల్లా అవతల్నించి గోడ మీద రెండుసార్లు తడతాడు. నేనెప్పుడూ ఆపమనలేదు.

అందుకే చెప్తున్నా, మీ అమ్మ ఫోన్‌లో తిడుతుంటే పెట్టెయ్యకమ్మా, విను. చల్లగా ఉండు... ఆగు, నీ ఫోన్ మీద ఆ ఎర్ర చుక్కేంటి? ఇందాకట్నించీ ఉందే. నా గొంతు రికార్డు చేస్తున్నావా?

సర్లే. తీసెయ్యకు, ఉండనీ.